ఉత్తరపు దిబ్బ పళ్ళు

దిబ్బల వీధి, చివరి ఇల్లు.
తుఫాను వెళ్ళిన ఆరో రోజు.

ఒరేయ్ పిచ్చుకా,

ముందుగా నువ్వు అడగబోయేవాటికి జవాబులు. ఇల్లు నిలబడే ఉంది. రేకులు రెండు లేచిపోతే పడవల మేస్త్రి వచ్చి మేకులు కొట్టి వెళ్ళాడు. నాకేం కాలేదు. పాకం గదిలో జామ్ సీసాలు ఒక్కటి కూడా పగల్లేదు.

దక్షిణపు దిబ్బ మాత్రం సగం పోయింది. సముద్రం దాన్ని కత్తిపెట్టి నిలువునా కోసుకుపోయింది. అమ్మమ్మ కాలం నుంచి మనం పళ్ళు కోసిన పొదలన్నీ వేళ్ళు గాల్లో పెట్టుకుని వేలాడుతున్నాయి. ఆ వేళ్ళు ఎంత పొడుగో తెలుసా? పైన మోకాలెత్తు పొద, కింద మూడు నిలువుల వేరు. ఇన్నేళ్ళూ వాటి చుట్టూ తిరిగాను గానీ, దిబ్బని పట్టుకుని కూర్చున్నవి అవేనని ఇప్పుడు కళ్ళారా చూశాను.

అసలు బాధ అది కాదు. దిబ్బపళ్ళు నల్లబడటం మొదలై అయిదు రోజులైంది. ఏటా మూడు వారాలే కదా వాటి సంబరం. ఈ మూడు వారాలూ నేను ఇంట్లో కూర్చున్న ఏడాది లేదు. ఇప్పుడు కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతున్నాను. పొయ్యి తుడుస్తాను, తుడిచిన పొయ్యే మళ్ళీ తుడుస్తాను. "ఈ ఒక్క ఏడూ ఊరుకోరాదూ? నీ జామ్ లేకపోతే జనం చస్తారా?" అంటాడు మేస్త్రి. చావరు. నేనే ఉండలేను.

వాగు అవతల ఉత్తరపు దిబ్బ మీద విరగకాశాయట. రేపు వెళ్తాను.

కళ్ళు చూపించుకున్నావా అని పోయిన ఉత్తరంలో అడిగావు. నా కళ్ళకేం వచ్చిందిరా? సూదిలో దారం నేనే ఎక్కించుకుంటున్నాను. నువ్వు నీ బట్టతల సంగతి చూసుకో.

అక్క


స్టేషన్ వెనక వీధి, రెండో అంతస్తు గది.
ఆదివారం.

అక్కా,

నా బట్టతలకి మందు లేదు. నీ కళ్ళకి ఉంది. తేడా అదే.

గీతల కాగితం మీద రాసినా నీ వరసలు కొండ దిగుతున్నట్టు కుడివైపుకి జారుతున్నాయి. రెండుచోట్ల వరస మీద వరస ఎక్కింది. సూదిలో దారం ఎక్కించే మనిషి రాత ఇలా ఉండదు. మా వీధిలోనే కళ్ళ డాక్టరు ఉంది. వచ్చి పది రోజులుండి వెళ్ళు.

ఉత్తరపు దిబ్బకి మాత్రం వెళ్ళకు. ఎందుకంటున్నానో నీకు తెలుసు. దక్షిణపు దిబ్బ మీద ఆ విషపు దొంగపండు పొద మొలిస్తే చాలు, అమ్మమ్మ కొంగు నడుముకి చుట్టి వేళ్ళతో సహా పెకలించేది. మనకి ఆ దిబ్బ అంత శుభ్రంగా దొరికిందంటే అది ఆవిడ చేతి చలవ. ఉత్తరపు దిబ్బ మీద ఆ పని ఎవరూ చెయ్యలేదు. అక్కడ దొంగపండు, దిబ్బపండు ఒకదాని కొమ్మల్లోకి ఒకటి దూరి పెరుగుతాయి. అదే నలుపు, అదే సైజు. "లోపల ఒక్క టెంక ఉంటే నోట్లోకి, గింజలుంటే ఇసకలోకి" అనేది కదా ఆవిడ. పొదకో పండు కోసి చూస్తేనే బుట్టలో వెయ్యనిచ్చేది. చూడటానికి చూపుండాలి అక్కా.

పరీక్షల భవనంలో కూర్చుని జనం తిన్నవాటిలో ఏం కలిసిందో పొద్దస్తమానం వెతుకుతూ ఉంటావు కాబట్టి నీకు ప్రతి సీసాలోనూ దెయ్యమే కనిపిస్తుంది అంటావు. అనుకో. వెళ్ళకు.

తమ్ముడు


దిబ్బల వీధి.
పళ్ళ కాలం ఆఖరి వారం.

పిచ్చుకా,

నీ ఉత్తరం మేస్త్రి చదివి వినిపించాడు. నా చేతులు పాకంలో ఉన్నాయి మరి. "మీ తమ్ముడు చెప్పింది నిజమే" అన్నాడు. మగవాళ్ళంతా ఒకటే పార్టీ.

వెళ్ళాను. అయిదు సాయంత్రాలు వెళ్ళాను. అబ్బ, ఏం కాపురా! చెయ్యి పెడితే గుప్పెడు. గాలి మాత్రం ఇసకని మొహానికేసి కొడుతూనే ఉంది. నిలబడి పని చెయ్యనివ్వదు. ఒక పొద దగ్గర చెయ్యి పెట్టేసరికి తర్వాతి పొద మీదికి మనసు పోతుంది. ఇది కొయ్యాలి, అది కొయ్యాలి, పొద్దు వాలిపోతోంది, రేపటికి రాలిపోతాయి. మొత్తానికి అరవై సీసాలు అయ్యాయి. అమ్మమ్మ కూడా ఒక ఏడాదిలో అన్ని చెయ్యలేదు.

మొదటి గరిటె ఎప్పట్లాగే మేస్త్రికే. నాలుక చివర రుచి చూసి, ఈసారి కొంచెం వగరుగా ఉందన్నాడు. కొత్త దిబ్బ కదా, ఇసక మారితే రుచి మారదూ?

ఇంకో సంగతి. చెప్పాలా వద్దా అని మూడు రోజులు ఆగాను. గరిటె కింద పెట్టి, కిటికీలోంచి చూస్తూ, "ఇళ్ళు రెండు, మనుషులిద్దరు, ఇన్నేళ్ళుగా రెండు పొయ్యిలు. ఒకటి చాలదూ?" అన్నాడు. నేను పాకం అడుగంటుతోందని కసిరాను. అంటలేదు. మేస్త్రి భార్య పోయి పదేళ్ళు. కూతురు ఆసుపత్రిలో నర్సు, సంపాదన, పట్టింపు రెండూ ఉన్న పిల్ల. నేను ఒంటిదాన్ని. కాదనడానికి కారణమేం లేదు. అవుననడానికే నోరు రావడంలేదు. ఒకే ఇంట్లో ఉంటే నా గురించి అన్నీ తెలిసిపోతాయి కదా.

నువ్వేమంటావు?

అక్క


దిబ్బల వీధి.
బుధవారం.

పిచ్చుకా,

తొందరలో రాస్తున్నాను. ఎంత అర్థమైతే అంత చదువుకో.

మేస్త్రి ఆసుపత్రిలో ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం టీ వేళకి పడవల షెడ్డులో ఐదుగురు రొట్టెలోకి నా జామ్ వేసుకుని తిన్నారు. గంటకి నోళ్ళు ఎండిపోయాయి, మొహాలు ఎర్రబడ్డాయి, కనుపాపలు ఇంతింతయ్యాయి. ఒకడు ఉలి పట్టుకుని గాలిని చెక్కుతున్నాడట. మేస్త్రి సముద్రం షెడ్డులోకి వచ్చేసిందనుకున్నాడు. "నీళ్ళొచ్చేశాయి, ఎక్కండిరా, ఎక్కండి!" అని అరుస్తూ, కడుతున్న పడవ పక్కటెముకల మీదికి ఎక్కి, అక్కణ్ణుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మిగతా నలుగురు తేరుకుంటున్నారు. ఆయన ఇంకా మనిషిని గుర్తుపట్టడంలేదు. నన్ను చూసి "తాడు విప్పు" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి పాకం గదికి సీలు వేశాడు. నాలుగు సీసాలు పరీక్షకి పట్టుకెళ్ళాడు. మీ పరీక్షల భవనానికేనట.

నా జామ్ కాదురా. అది నేను ఒట్టేసి చెప్తాను. నిన్న ఆ షెడ్డులో తలుపులన్నీ మూసి పడవకి వార్నిష్ వేశారు. ఆ వాసనకి గుర్రమైనా మత్తెక్కి పడుతుంది. ఇదే మాట డాక్టరుకి చెప్పాను, ఇన్‌స్పెక్టరుకి చెప్పాను, వీధిలో అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పాను. నలభై ఏళ్ళ చెయ్యి ఇది. నా చేతి మీద నాకు నమ్మకం ఉంది.

నువ్వు అక్కడే ఉన్నావు కదా. ఏమైనా తెలిస్తే వెంటనే రాయి.

అక్క


పరీక్షల భవనం.
శుక్రవారం.

అక్కా,

ఉత్తరం అందింది. ఆ జామ్ నువ్వు తినకు. ఎవరినీ తిననివ్వకు. ఇచ్చినవాళ్ళందరికీ ఈ రోజే చెప్పు. నేను తర్వాత రాస్తాను.

తమ్ముడు


దిబ్బల వీధి.
ఆదివారం.

తమ్ముడు గారికి,

అయిదు ముక్కలు! కరెంటాఫీసు నోటీసు కూడా ఇంతకన్నా పొడుగ్గా ఉంటుంది. భూతద్దం పెట్టుకుని కూడబలుక్కుని చదివాక దొరికింది ఇదా? "ఎలా ఉన్నావు" అని కూడా లేదు.

అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంది నాకు. ఇంట్లో ఉండలేను, వీధిలోకి వెళ్ళలేను. వెళ్తే జనం మాట్లాడటం ఆపేస్తారు. ఆసుపత్రికి వెళ్తే మేస్త్రి కూతురు కుర్చీ చూపిస్తుంది గానీ కూర్చోమనదు. మేస్త్రికి తుంటి ఆపరేషన్ చెయ్యాలట. ఒంట్లో ఉన్నది ఏ విషమో తెలియకుండా మత్తుమందు ఎలా ఇస్తామని డాక్టర్లు ఆగారు. వార్నిష్ అనుకుని ఏదో మందు ఎక్కిస్తున్నారు. ఆయన పళ్ళు కొరుకుతూ మంచానికి కట్టేసి ఉన్నాడు.

ఇంకొకటి జరిగింది. షెడ్డులో రంగులేసేవాణ్ణి పనిలోంచి తీసేశారు. తలుపులు మూసి వార్నిష్ వేసింది అతనేనట. నేను అతని పేరెత్తలేదు. వాసన సంగతి చెప్పానంతే. అతని భార్య నా గేటు ముందునుంచి వెళ్తూ ఆగి, "మీరు చూశారా? మీరు అక్కడున్నారా?" అని అడిగింది. నేను లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

నువ్వు రాసినట్టే తినొద్దని, సీసాలు వెనక్కి తెమ్మని అందరికీ చెప్పాను. ఎందుకు తెమ్మన్నానని అడిగితే జాగ్రత్త కోసమన్నాను. నా జామ్ మంచిదైతే ఎందుకు వెనక్కి తెప్పిస్తున్నానురా? నువ్వేదో దాస్తున్నావు. చిన్నప్పుడు గాజు దీపం పగలగొట్టిన రోజు కూడా నువ్వు ఇలాగే ముక్కలు ముక్కలుగా మాట్లాడావు.

చెప్పు.

అక్క


స్టేషన్ వెనక వీధి.
మంగళవారం.

అక్కా,

చెప్తున్నాను. ఇది రాయకూడదని మా రూలు. కాని పరీక్ష ఫలితం ఈ ఉదయం మీ ఆసుపత్రికి ఫోన్లో చెప్పేశారు, కాగితం కూడా వెళ్ళిపోయింది. ఇక నేను దాచి ఎవరికి మేలు?

నీ సీసాలు గురువారమే వచ్చాయి. నా బల్ల మీదికే వచ్చాయి. మూతల మీద నీ చేతిరాత. సొంతవాళ్ళది వస్తే ఆ నిమిషమే పక్కవాళ్ళకి అప్పగించాలి. నేను వాటిని చల్లటి బీరువాలో వెనక వరసలో పెట్టి తాళం వేశాను. శుక్రవారం నీ ఉత్తరం వచ్చింది. నీకు ఆ అయిదు ముక్కలు రాసి మళ్ళీ తాళం వేసుకున్నాను. శనివారం, ఆదివారం ఊరికే వచ్చి బీరువా ముందు నిలబడి వెళ్ళాను. అన్నం సయించలేదు. బస్సు ఎక్కి దిగాల్సిన చోటు దాటిపోయాను. నాలుగు రోజులు అక్కా. మేస్త్రి మంచానికి కట్టేసి ఉన్న నాలుగు రోజులు.

సోమవారం ఉదయం తెరిచి వడగట్టాను. నువ్వు గుడ్డలో వడబోసినా, రెండు గింజలు దూరాయి. బల్లపరుపుగా, గోధుమరంగులో. దిబ్బపండులో గింజ ఉండదు. టెంక ఉంటుంది.

ఇది ఎవరికీ చెప్పనిది. గింజలున్న గిన్నె పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళాను. కుళాయి తిప్పాను. నీళ్ళు పడుతున్నాయి. గిన్నె వంచితే చాలు. నువ్వు నన్ను చంకనేసుకుని ఆ దిబ్బలన్నీ తిప్పావు, నాకు అమ్మ మొహం గుర్తులేదు, నీదే గుర్తుంది, ఇవన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అవతల మేస్త్రి. నీళ్ళు ఎంతసేపు పడ్డాయో తెలియదు. కుళాయి కట్టేసి, గిన్నె తీసుకెళ్ళి మా పెద్దమేడం బల్ల మీద పెట్టాను. "ఇది మా అక్క చేసిన జామ్. గురువారం నుంచి దాచాను" అన్నాను. ఆవిడ నన్ను బయటికి పంపి తనే కూర్చుని చేసింది. సాయంత్రానికి తేలిపోయింది. దొంగపండే. ఎంత ఉడికించినా దాని విషం చావదు.

ఇప్పుడు నువ్వు చెప్పు. అడిగింది నేనే కాబట్టి దబాయించకు. నీకు ఎంత కనిపిస్తోంది?

పిచ్చుక


ఆసుపత్రి, నర్సుల గది.
శుక్రవారం.

పిచ్చుకా,

ఈ చేతిరాత నాది కాదని నీకు తెలుస్తూనే ఉంటుంది. మేస్త్రి కూతురిది. నేను చెప్తున్నాను, ఆ అమ్మాయి రాస్తోంది.

నీ పొడుగు ఉత్తరం నేను చదవలేకపోయాను. రెండేళ్ళుగా నీ ఉత్తరాలన్నీ మేస్త్రే చదువుతున్నాడు. చేతులు పాకంలో ఉన్నాయనేది ఒట్టిమాట. ఈసారి మేస్త్రి లేడు. వీధిలో ఇంకెవరినీ అడగలేను. కాగితం పట్టుకుని నిన్న పొద్దున్నంతా ఇంట్లో తిరిగాను, ఆఖరికి ఆసుపత్రికి వచ్చి ఈ అమ్మాయి చేతిలోనే పెట్టాను. "ఏముందో నాకు తెలీదు. ఉన్నదున్నట్టు చదువు" అన్నాను.

చదివింది. దొంగపండని ఫోనొచ్చిన సంగతి ఆ అమ్మాయికి అప్పటికే తెలుసు, నేనే అడుగుతానని చూస్తోందట. నీ నాలుగు రోజుల దగ్గర ఆగింది. కిటికీ వైపు చూసింది. లేచి మంచినీళ్ళు తాగి వచ్చి, ఆగిన చోటునుంచి మళ్ళీ మొదలుపెట్టింది. కుళాయి దగ్గర గొంతు మారలేదు. చివరి ప్రశ్న చదివి, కాగితం మడిచి, "అత్తా, ఎంత కనిపిస్తోంది?" అని తనే అడిగింది.

కుడికంటికి మధ్యలో ఏమీ లేదు, చుట్టూ అంచులున్నాయి. ఎడమకంటికి అంతా మసక. నీ మొహం చూస్తే చెవులు కనిపిస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్తే పని మానమంటుందని వెళ్ళలేదు.

ఉత్తరపు దిబ్బ మీద చేత్తో తడిమి కోశాను. దిబ్బపండుకి ముల్లుంటుంది, దొంగపండుకి ఉండదు. చేతికి ముల్లు గుచ్చుకుంది, నాకు అంతే చాలింది. ఆ ముల్లు పక్క పొదదని ఆలోచించలేదు. ఒక పొద దగ్గర పండు నోట్లో వేసుకుంటే చేదు తగిలింది. ఉమ్మేశాను. కోసి చూడాలనుకున్నాను. కోసినా కనిపించదు కదా. పచ్చిగా ఉందిలే అనుకుని బుట్టలో వేశాను. అనుమానం అప్పుడే వచ్చింది పిచ్చుకా. తుఫాను మొత్తం నా లోపలే తిరుగుతున్నట్టుంది అప్పుడు. ఆగి ఆలోచిస్తే ఇంటికి ఖాళీ బుట్టతో వెళ్ళాలి. అందుకని ఆగలేదు.

నిన్న షెడ్డుకి వెళ్ళాను. టీ వేళకే వెళ్ళాను, అందరూ ఉంటారని. "వార్నిష్ కాదు. నా జామ్. నాకు కళ్ళు కనిపించవు, ఆ సంగతి దాచి పళ్ళు కోశాను. రంగులతని తప్పేం లేదు. అతని మీదికి తోసింది నేనే" అన్నాను. సుత్తులు ఆగాయి. షెడ్డు యజమాని, "పదిరోజుల తర్వాతా చెప్పడం?" అన్నాడు. రంగులతన్ని పిలిపిస్తానన్నాడు.

అక్కణ్ణుంచి అతని ఇంటికి వెళ్ళాను. భార్య తలుపు తీసి, నన్ను చూసి, చప్పుడు చెయ్యకుండా మూసేసింది. నేను ఆవిడకి చేసిందే.

మేస్త్రికి బుధవారం ఆపరేషన్ అయింది. ఆలస్యంగా అతికిన ఎముక కాబట్టి ఆ కాలు కొంచెం పొట్టి అవుతుందట. నిన్న నన్ను గుర్తుపట్టాడు. అన్నీ చెప్పాను. నీ సంగతి మాత్రం చెప్పలేదు, అది నాది కాదు. "పండు తప్పు నీ కళ్ళది. వార్నిష్ మాట నీ నోటిది" అన్నాడు.

అక్క

నేను నర్సుని రాస్తున్నాను. మీ అక్క చెప్పినదాంట్లో ఒక్క మాట మార్చలేదు. మీరు దాచిన నాలుగు రోజుల సంగతి మా నాన్నకి నేను చెప్పను. మీరే వచ్చి చెప్పండి.


స్టేషన్ వెనక వీధి.
రెండు వారాల తర్వాత.

అక్కా,

ముందు నువ్వు తిట్టాల్సిన సంగతి. నేను మీ ఊరు వచ్చి వెళ్ళాను.

పోయిన శనివారం పొద్దున్న రైల్లో దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. నర్సమ్మ లోపలికి తీసుకెళ్ళి, "నాన్నా, ఈయన నీతో మాట్లాడాలట" అని వెళ్ళిపోయింది. నిలబడే చెప్పాను. బీరువా, తాళం, కుళాయి, అన్నీ. మేస్త్రి పూర్తిగా విన్నాడు. మంచం పక్కన బల్ల మీద ఎవరో తెచ్చిన చెక్కముక్క ఉంది, దాన్ని వేలితో నిమురుతున్నాడు. "మీ ఇద్దరిదీ ఒకటే రోగమయ్యా. తప్పు చెయ్యడానికి నిమిషం, చెప్పడానికి వారం" అన్నాడు. "మన్నించమని అడగడానికి రాలేదు" అన్నాను. "మంచిది. అడిగినా నా దగ్గర ఇప్పుడు లేదు" అన్నాడు.

తర్వాత నీ ఇంటికి వచ్చాను. గేటు దాకా. పెరట్లో నువ్వు జనం వెనక్కి ఇచ్చిన సీసాలు పగలగొడుతున్నావు. గోతిలో ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు వినిపించింది. పన్నెండు దాకా విని వెనక్కి తిరిగాను. ఆ చప్పుడులోకి ఏ మొహంతో రావాలో తెలియలేదు.

నన్ను పరీక్షల బల్ల దగ్గరనుంచి తీసేసి రికార్డుల గదిలో వేశారు. ఆరు నెలలు. కిటికీ లేని గది. పెద్దమేడం, "దాచావు కాబట్టి శిక్ష, చెప్పావు కాబట్టి ఉద్యోగం" అంది. సరైనదే.

కళ్ళ డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. మసక కంటికి ఆపరేషన్ చేస్తే చూపొస్తుందట, రెండోదానికి రాదట. టిక్కెట్టు ఈ కవరులోనే ఉంది. ఈసారి రాకపోతే నేనే వచ్చి చంకనేసుకుని తీసుకొస్తాను. నా నడుము విరిగితే ఆ పాపం నీదే.

పిచ్చుక


దిబ్బల వీధి.
ఎండలు ముదిరిన నెల.

ఒరేయ్ పిచ్చుకా,

ఇది నా చేతిరాతే. గీతల కాగితం కూడా కాదు. వరసలు చూసుకో.

గేటు దాకా వచ్చి వెళ్ళిన పిరికివాడా, కంటి ఆపరేషన్‌కి వచ్చి నీ గదిలో పదిహేను రోజులు తిని పడుకున్నాను కాబట్టి అప్పుడు తిట్టలేదు. ఇప్పుడు తిడుతున్నాను. ఇంకోసారి అలా చేస్తే కాళ్ళు విరగ్గొడతాను.

పాకం గది ఇక తెరవనివ్వరు. నేనూ అడగలేదు. పొద్దున్న లేస్తూనే చేతులు ఏదో పని వెతుక్కుంటాయి, ఏమీ దొరకదు. వీధి చివరిదాకా నడిచి వస్తాను, మళ్ళీ నడుస్తాను.

మేస్త్రి రెండు కర్రల సాయంతో నడుస్తున్నాడు. రోజూ సాయంత్రం నా గేటు ముందునుంచే వెళ్తాడు. నెల రోజులు సూప్ గిన్నె పంపించాను. కడిగిన గిన్నె వెనక్కి వచ్చేది, మాట వచ్చేది కాదు. మొన్న ఆగాడు. "గిన్నెలు పంపకు. కోపం ఇంకా పోలేదు. పోయిన రోజు నేనే వచ్చి చెప్తాను" అన్నాడు. "పోకపోతే?" అన్నాను. "పోకపోతే అదీ వచ్చి చెప్తాను" అన్నాడు. కర్రలు చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అసలు రాయాలనుకున్నది వేరే.

రంగులతని ఇంటికి ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. భార్య తలుపు వేసేది, నేను మెట్ల కింద కాసేపు నిలబడి వచ్చేసేదాన్ని. తొమ్మిదో ఆదివారం అతనే తీశాడు. "ఏం కావాలి అక్కగారూ మీకు?" అన్నాడు. నాకు మన్నింపు వద్దు, నీ పని కావాలి అన్నాను. ఉత్తరపు దిబ్బ మీద దొంగపండు పొదలకి గుర్తు పెట్టాలి. నేను పోయినా, ఇంకెవరో నాలాంటి మూర్ఖురాలు బుట్ట పట్టుకుని వస్తుంది. పీకేద్దామంటే తుఫాను తర్వాత ఆ దిబ్బనీ వేళ్ళే పట్టుకుని ఉన్నాయి, పీకితే ఊళ్ళోకి జారుతుంది. అతను లోపలికి వెళ్ళి ఎర్రరంగు డబ్బా, రెండు బ్రష్షులు తెచ్చాడు.

నాలుగు పొద్దులు పట్టింది. నేను ముందు, అతను వెనక. ఆకు వెనక్కి తిప్పి చూస్తాను. వెనక తెల్లగా పిండి చల్లినట్టుంటే దిబ్బపండు, రెండువైపులా పచ్చగా మెరిస్తే దొంగపండు. ఆపైన కొమ్మకి ఎండి మిగిలిన పండు ఒకటి చిదిపి చూస్తాను. చెప్తాను, అతను కాండానికి ఎర్రపట్టీ వేస్తాడు. అవసరమైన మాట తప్ప మాట్లాడుకోలేదు. గాలి రెండుసార్లు డబ్బాలోకి ఇసక పోసింది, అతను దాన్ని మాత్రం తిట్టాడు.

నాలుగో రోజు ఆ పొద దగ్గరికి వచ్చాం. వాగు మలుపులో, పల్లంలో. ఇన్ని నెలలూ నాకు నేను ఏం చెప్పుకున్నానో తెలుసా? పొద్దు వాలింది, రెండూ కలిసిపోయాయి, కళ్ళున్నవాళ్ళైనా పొరబడేవాళ్ళే అని. ఇప్పుడు ఎండలో చూశాను. ముళ్ళపొద కొమ్మ ఒకే ఒక్కటి దాని మీదికి వాలి ఉంది. మిగతాదంతా దొంగపండే. నున్నగా, పచ్చగా, నిలువెత్తు. చిన్నపిల్ల చూసినా చెప్పేస్తుంది.

నేను కదలకపోవడం చూసి అతను అడిగాడు. "ఇదేనా?"

"ఇదే."

మోకాళ్ళ మీద కూర్చోబోయినవాడు లేచి నిలబడ్డాడు. బ్రష్షు ముంచి, అంచుకి ఒత్తి, నా చేతికిచ్చాడు. "ఇది మీరు వెయ్యండి."

వేశాను. పట్టీ వంకరగా వచ్చింది, రంగు ఇసకలోకి కారింది. అతను సరిచెయ్యలేదు. డబ్బా మూత పెట్టుకుని తర్వాతి పొద వైపు నడిచాడు. నేను వెనకాల వెళ్ళాను. ఇంకా పదకొండు మిగిలాయి.

అక్క